మల్లెపూల వాసన కింద ఆకు ఉందా? ఫ్లేవర్డ్ ఆకు టీని ఇంట్లో రుచి చూసే పద్ధతి

మొదటిసారి కొన్న ఫ్లేవర్డ్ టీని నేను పాలు పోసి, పంచదార వేసి, రెండు పొంగులు వచ్చేదాకా మరిగించాను. మందార, గులాబీ కలిపిన టీ అది. పాలు విరిగిపోయాయి. అమ్మినవాళ్లు పాత సరుకు అంటగట్టారనుకుని ఆ రోజంతా తిట్టుకున్నా గానీ తప్పు నాదే. డబ్బా మీద మందార అని రాసి ఉన్నది మన పెరట్లో పూసే మందారం కాదు. గోంగూర జాతి మొక్కకి పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి దళసరి రేకులవి, గోంగూరంత పుల్లగా ఉంటాయి. గోంగూర పులుసులో పాలు పోస్తే ఏమవుతుందో మన ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేదు కదా.

ఇక్కడ ఒక మాట. మన దగ్గర "లూజ్ టీ" అంటే కొట్లో తూచి ఇచ్చే టీ పొడి. గుండ్రంగా, ఆవగింజల్లా ఉండే ఆ పొడిని సీటీసీ అంటారు, ఆకుని యంత్రంలో నలిపి, చీల్చి, చుట్టి చేస్తారు. 1930ల్లో అస్సాంలో మొదలైన పద్ధతి అది. పాలల్లో మరిగించడానికి దాన్ని మించింది లేదు, నేను పొద్దున్నే తాగేది ఇప్పటికీ అదే. ఈ వ్యాసం మాత్రం ఆకు ఆకుగానే కనిపించే టీ గురించి, అందులోనూ పువ్వో, పండో, మసాలానో, పొగో పట్టించిన టీల గురించి.

వీటిని రుచి చూడడంలో నాకు అర్థమైన విషయం ఒక్కటే. కప్పులో ఇద్దరుంటారు, ఆకు ఒకరు, పట్టించిన వాసన ఒకరు. ఇద్దర్నీ విడివిడిగా గుర్తుపట్టి, వాళ్లకి పొసిగిందా లేదా అని చూడటమే పని. ఉగాది పచ్చడి నోట్లో పెట్టుకుని వేపపువ్వు చేదు వేరు, మామిడి పిందె వగరు వేరు అని చెప్పగలిగిన నాలుకకి ఇది కొత్త విద్యేం కాదు.

కొనేటప్పుడు: వాసన ఎలా పట్టించారు?

డబ్బా తిప్పి వెనక చదవండి. వాసన పట్టించే పద్ధతులు ప్రధానంగా మూడు.

ఒకటి, పూలతో పడుకోబెట్టడం. చైనాలో ఫూజియన్ రాష్ట్రంలోని ఫుజౌ నగరం జాస్మిన్ టీకి, అంటే మల్లె టీకి, ఎప్పటినుంచో పేరున్న చోటు. వసంతంలో కోసిన గ్రీన్ టీని వేసవిలో పూలు వచ్చేదాకా దాచి ఉంచుతారు. మధ్యాహ్నం మొగ్గలు కోసుకొస్తారు, అవి చీకటి పడ్డాక విచ్చుకుంటాయి, విచ్చుకునే వేళకి ఆకులో కలిపి కుప్ప పోస్తారు. రాత్రంతా ఆకు ఆ వాసనని పీల్చుకుంటుంది. కుప్ప వేడెక్కితే మధ్యలో తిరగేస్తారు. తెల్లారాక వాడిన పూలు జల్లించి తీసేసి, తడి పట్టిన ఆకుని ఆరబెట్టి, మళ్లీ కొత్త పూలతో మొదలుపెడతారు. మంచి రకానికి ఇలా ఐదారుసార్లు, ఇంకా ఎక్కువసార్లు కూడా చేస్తారు. ఇంతాచేసి ఆ పువ్వు మన గుండు మల్లే, ఆ జాతే! అందుకే మంచి జాస్మిన్ టీ మూత తీయగానే వేసవి సాయంత్రం బజారులో పూలమ్మి బుట్ట పక్కనుంచి నడిచినట్టు ఉంటుంది. ఇంకో సంగతి, డబ్బాలో ఎండు మల్లెలు బోలెడు కనిపిస్తే అది మంచి టీకి గుర్తు అనుకోకండి. వాసన ఇచ్చేసిన పూలవి, చాలావరకు అందం కోసం వదిలేసినవే.

రెండోది, ముక్కలు కలపడం. జపాన్ వాళ్ల గెన్మైచాలో గ్రీన్ టీతో పాటు వేయించిన బియ్యం ఉంటుంది, కొన్ని గింజలు పేలాల్లా విచ్చుకుని కూడా కనిపిస్తాయి. కశ్మీరీ కహ్వాలో గ్రీన్ టీకి కుంకుమపువ్వు, యాలకులు, దాల్చినచెక్క, పైన బాదం పలుకులు. మొరాకోలో చిన్న గుండ్లలా చుట్టిన గ్రీన్ టీలో పచ్చి పుదీనా కట్టంత కుక్కి, పంచదార దండిగా వేస్తారు. ఇలాంటివాటిలో ఏముందో కంటికే తెలిసిపోతుంది, మోసానికి చోటు తక్కువ.

మూడోది, నూనె లేదా ఎసెన్స్ చల్లడం. ఎర్ల్ గ్రే అనే టీ ఈ కోవలోదే. 1830 నుంచి 1834 దాకా బ్రిటన్ ప్రధానిగా ఉన్న దొర బిరుదే దాని పేరు. అందులో వాసన బెర్గమాట్ అనే నిమ్మజాతి కాయ తొక్క నూనెది, ఆ కాయ ఎక్కువగా పండేది ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో. చల్లడం తప్పు కాదు, చల్లింది ఏమిటన్నదే ప్రశ్న. కావలసినవాటి జాబితాలో తొక్క నూనె అని ఉంటే ఒక రకం, ఉత్త "ఫ్లేవర్" అని ఉంటే ఇంకో రకం. మామిడి, స్ట్రాబెర్రీ, చాక్లెట్ లాంటివి దాదాపు అన్నీ ఎసెన్స్ బలంతోనే నడుస్తాయి, ఎందుకంటే ఎండు మామిడి ముక్క వేడినీళ్లలో ఇచ్చే వాసన చాలా తక్కువ. డబ్బా తెరిస్తే గది నిండిపోయి, తాగితే నోట్లో ఏమీ లేకపోతే అది ఈ రకమే అనుకోండి.

మొదటిసారికి నాలుగు చాలు: జాస్మిన్ గ్రీన్, ఎర్ల్ గ్రే, గెన్మైచా, ఏదైనా మసాలాది. పాతికో యాభయ్యో గ్రాములు మించి కొనకండి. వీటితో పాటు ఏ వాసనా కలపని మామూలు ఆకు టీ కూడా ఒకటి తప్పకుండా ఉండాలి. డార్జిలింగ్‌దో నీలగిరిదో బ్లాక్ టీ అయినా సరే (బ్లాక్ టీ అంటే ఇక్కడ పాలు పోయని టీ అని కాదు, నల్లగా మారిన ఆకు). ఎందుకో కిందికి వెళ్తే తెలుస్తుంది.

సామాను గురించి పెద్దగా లేదు

గొలుసుకి వేలాడే గుండ్రటి ఇన్‌ఫ్యూజర్ బంతి కొనకండి. ఆకు నీళ్లలో మూడు నాలుగింతలు ఉబ్బుతుంది, ఆ బంతిలో దానికి ఊపిరాడదు. స్టీలు గిన్నెలో ఆకు వేసి, వేడినీళ్లు పోసి, పళ్లెం మూత పెట్టి, టైం కాగానే ఇంట్లో టీ వడకట్టే స్ట్రైనర్‌తో వంచుకుంటే అంతకన్నా బాగా వస్తుంది. లోపల తెల్లగా ఉండే పింగాణీ కప్పులు మాత్రం కావాలి, స్టీలు గ్లాసులో రంగు తెలీదు, పైగా మూతి కాలుతుంది. స్ట్రైనర్ ప్లాస్టిక్‌ది అయితే దీనికోసం వేరేది పెట్టుకోండి. రోజూ అల్లం టీ వడకట్టిన ప్లాస్టిక్‌కి ఆ వాసన జన్మలో పోదు. చిన్న డిజిటల్ తూకం ఉంటే మంచిది, లేకపోయినా పని ఆగదు.

నీళ్ల దగ్గరే చాలామంది టీ పాడవుతుంది

బోరు నీళ్లతో టీ కాస్తే పైన తెట్టులా పలచటి పొర కడుతుంది, చూసే ఉంటారు. నీళ్లలోని సున్నం, టీలోని వగరు పదార్థాలు కలిసి చేసే పని అది. రంగు మసకబారుతుంది, పూల వాసన చచ్చిపోతుంది. అలాగని ఖనిజాలన్నీ లాగేసిన ఆర్‌ఓ నీళ్లతో చేస్తే టీ చప్పగా, పలచగా అనిపిస్తుంది. ఆర్‌ఓ నీళ్లలో మూడో వంతు మామూలు మంచినీళ్లు కలిపి మరిగించడం మా ఇంట్లో కుదిరిన ఉపాయం. మీ ఊరి నీళ్లు వేరు కాబట్టి ఒకే టీని రెండు రకాల నీళ్లతో పెట్టి చూసుకోండి.

వేడి సంగతి. బ్లాక్ టీకి అప్పుడే మరిగిన నీళ్లు పోయొచ్చు. గ్రీన్ టీకి పోస్తే మాత్రం చేదు దిగుతుంది, 80 డిగ్రీల దగ్గర ఉండాలి. థర్మామీటర్ అక్కర్లేదు, మూడు కప్పుల మరిగే నీళ్లలో ఒక కప్పు మామూలు నీళ్లు కలపండి, లెక్క అటూ ఇటూగా 80కే వస్తుంది. ముందు చన్నీళ్లు కలిపి, తర్వాతే ఆకు మీద పోయాలి. అన్నింటికంటే ముఖ్యం, ఆకుని పొయ్యి మీద మరిగించకండి. మరిగే నీళ్లతో వంటిల్లంతా ఘుమఘుమలాడితే ఆ వాసన కప్పులోంచి పోయిందనే అర్థం. నానబెట్టినంతసేపూ మూత ఉండాలి అనేది కూడా అందుకే.

కొలత, సమయం

200 మిల్లీలీటర్ల నీళ్లకి రెండు, రెండున్నర గ్రాముల ఆకు. చుట్టుకున్న సన్నాకు అయితే చెంచా నిండా, పెద్దాకు పొడిపొడిగా ఉంటే రెండు చెంచాలు. పండ్ల ముక్కలో బియ్యమో కలిసినదైతే మూడు గ్రాములు వేయండి, ఎందుకంటే ఆ తూకంలో సగం ఆకు కాదు.

జాస్మిన్ గ్రీన్, గెన్మైచా రెండు నిమిషాలు. ఎర్ల్ గ్రే, మిగతా బ్లాక్ టీలు మూడు నుంచి నాలుగు. ఆ గోంగూర రేకుల టీ, దక్షిణాఫ్రికా రూయిబోస్ లాంటివి ఐదారు నిమిషాలున్నా ఫర్వాలేదు, అవి అసలు టీ ఆకే కావు. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి, "అందాజుగా" అనుకున్న ప్రతిసారీ నాది ఆరు నిమిషాలైంది.

టీ పరిశ్రమలో రుచి చూసేవాళ్లకి ఐఎస్‌ఓ 3103 అని ఒక ప్రమాణమే ఉంది. వంద మిల్లీలీటర్లకి రెండు గ్రాములు, మరిగే నీళ్లు, ఆరు నిమిషాలు. అంటే మనం చెప్పుకున్నదానికి రెండింతల చిక్కన. అది ఆనందం కోసం కాదు, ఒక టీని ఇంకో టీతో ఒకే కొలతలో పోల్చడానికి. అంత ఘాటులో లోపాలు దాక్కోలేవు. కొత్త డబ్బా మీద అనుమానం ఉంటే ఒక్కసారి అలా చేసి చూడండి, ఎసెన్స్ కింద నాసిరకం ఆకు దాచి ఉంటే బయటపడిపోతుంది.

ఇక రుచి చూడడం

టిఫిన్‌లో ఆవకాయ తిన్న గంటలోపు వద్దు. దేవుడి గదిలో అగరుబత్తి వెలుగుతుంటే వద్దు. తాలింపు వేస్తున్న వంటింటి పక్కన అసలే వద్దు. నాకు కుదిరే వేళ సాయంత్రం నాలుగు. తలస్నానం చేసి పూలు పెట్టుకున్న మనిషి పక్కన కూర్చున్నా జాస్మిన్ టీ లెక్క తప్పుతుంది, నవ్వకండి, అయింది.

ముందు పొడి ఆకు. చెంచాడు అరచేతిలో వేసుకుని, గుప్పిట మూసి, లోపలికి ఒకసారి వెచ్చటి ఊపిరి ఊది, అప్పుడు వాసన చూడండి. పైకి రానిది కూడా ఆ కాస్త తడికి లేస్తుంది. తర్వాత, నీళ్లు వంచేశాక గిన్నెలో మిగిలిన తడి ఆకు. అసలు రహస్యం ఇక్కడ. పైపైన చల్లిన వాసన పొడి ఆకులో ఎంత గట్టిగా ఉన్నా తడి ఆకులో ఒక్కసారిగా పడిపోతుంది. పూలతో పట్టించినది అలా పడిపోదు, తడి ఆకులో ఇంకా కమ్మగా ఉంటుంది. మూత పెట్టిన పళ్లెం అడుగు కూడా వాసన చూడండి, ఆవిరంతా అక్కడే పట్టి ఉంటుంది.

కప్పు కాస్త ఆరనివ్వండి. నాలుక చురుక్కుమంటే రుచి తెలీదు. చెంచాతో కొంచెం తీసుకుని జుర్రండి, చప్పుడు చేస్తూ, చిన్నప్పుడు చారు జుర్రితే తిట్లు తిన్నాం చూడండి, సరిగ్గా అలా. గాలితో కలిసి టీ నోరంతా తుంపరగా పడి, వాసన గొంతు వెనకనుంచి ముక్కులోకి ఎక్కుతుంది. నమ్మకం లేకపోతే ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగండి. మల్లె లేదు, బెర్గమాట్ లేదు, ఉత్త చేదూ వగరూ ఉన్న నీళ్లు. ఇప్పుడు ముక్కు వదలండి, పువ్వు మళ్లీ వచ్చేస్తుంది. మనం ఫ్లేవర్ అని డబ్బులు పెట్టి కొనేది దాదాపు ముక్కుతోనే. నేనైతే ముక్కు మూసిన ఆ గుక్కనే ఎక్కువ నమ్ముతాను, అక్కడ నోట్లో ఉండేది ఆకు ఒక్కటే కాబట్టి.

ఆ గుక్కలో వెతకాల్సినవి మూడు. చేదు నాలుక మీద తెలుస్తుంది. వగరు రుచి కన్నా స్పర్శే, పచ్చి అరటికాయ కొరికినట్టు బుగ్గలు లోపలికి లాగుతాయి. మూడోది బరువు, అంటే నోట్లో నీళ్లలా జారిపోతోందా, పలచటి గంజిలా కాసేపు నిలుస్తోందా అని. వగరు ఉండటం తప్పు కాదండీ, బ్లాక్ టీకి వెన్నెముక అదే. మింగాక అది కరిగి నోరు తేటపడుతోందా, లేక నాలుక మీద గరుగ్గా ఉండిపోతోందా అన్నదే తేడా.

మింగాక పది దాకా లెక్కపెట్టి ఏం మిగిలిందో చూడండి. మంచి జాస్మిన్ టీలో పువ్వు ఇంకా ఉంటుంది. ఎసెన్స్ టీలో మొదట వచ్చిన తియ్యటి వాసన పోయి, చివర్లో పిల్లల దగ్గు మందు తాగినట్టు ఒక వెలితి మిగులుతుంది.

రాసుకోండి, రెండు ముక్కలు చాలు, కానీ మీ మాటల్లో రాయండి. డబ్బా మీద ఇంగ్లీషులో ఉండే పళ్ల పేర్లు సగం మనం తిని ఎరగం. నా కాగితంలో గెన్మైచాకి "మరమరాల బస్తా, ఉడికిన పాలకూర" అని ఉంది. చైనా వూయీ కొండల్లో దేవదారు జాతి చెక్క పొగ పట్టించి చేసే లాప్సాంగ్ సూచాంగ్ అని ఒక టీ ఉంది, అది ఇస్తే మా అమ్మ ఒక్క గుక్క తాగి "దాలి మీద కాగిన పాల వాసన" అంది. పిడకల దాలి మీద పొద్దంతా కాగి, మీగడ ఎర్రబడ్డ పాలు తాగినవాళ్లకి ఆ టీ గురించి ఇంకేం చెప్పాలి.

వరసగా చూస్తుంటే తేలిక నుంచి ఘాటుకి వెళ్లండి: మామూలు ఆకు టీ, జాస్మిన్, గెన్మైచా, ఎర్ల్ గ్రే, మసాలా, పొగది ఆఖర్న. మధ్యమధ్యలో మంచినీళ్లు, నాలుగు ఉప్పు లేని మరమరాలు. ఒక పూటకి నాలుగు మించితే నాలుక మొద్దుబారుతుంది. టీ అంతా మింగక్కర్లేదు కూడా, ఆ పని వృత్తిగా చేసేవాళ్లు ఉమ్మేస్తారు. రాత్రి ఎనిమిదికి నాలుగు రకాలు చూసి, తెల్లవారుజాము దాకా ఫ్యాన్ చూస్తూ పడుకున్న అనుభవంతో చెప్తున్నా.

పక్కన మామూలు టీ ఎందుకన్నానంటే

ఎర్ల్ గ్రే ఒక కప్పు, వాసన పట్టించని బ్లాక్ టీ ఒక కప్పు, ఒకే కొలత, ఒకే సమయం. మార్చి మార్చి తాగితే మూడో విడతకి రెండూ విడిపోతాయి, ఇది ఆకు, ఇది తొక్క నూనె అని. ఇంకాస్త సరదా కావాలంటే ఇంట్లో ఎవరినైనా మూడు కప్పులు పోయమనండి, రెంటిలో ఒకటే టీ, మూడోదాంట్లో వేరేది. కళ్లు మూసుకుని వేరేది ఏదో చెప్పాలి. పిల్లలు పొయ్యడానికి ఎగబడతారు, మనం ఓడిపోవడం వాళ్లకి పండగ.

తేడా కొడితే

చేదుగా ఉంటే ముందు వేడి తగ్గించండి, తర్వాతే సమయం, ఆకు తగ్గించడం ఆఖర్న. చప్పగా ఉంటే సమయం పెంచకుండా ఆకు పెంచండి. సమయం పెంచితే వగరు పెరుగుతుంది, వాసన కాదు. సబ్బు నీళ్లలా ఉందంటే నూనె మోతాదు ఎక్కువైనట్టు, దాన్ని మామూలు ఆకుతో సగం సగం కలిపేయండి, ఎర్ల్ గ్రేలు చాలా అలాగే బాగుపడతాయి. పాలు పోయాలనిపిస్తే ఎర్ల్ గ్రేకి, మసాలా బ్లాక్ టీకి రెండు చెంచాలు పోయండి, పాలలోని ప్రోటీన్ వగరుని పట్టేసి మెత్తబరుస్తుంది. గ్రీన్ టీకి వద్దు. పుల్లటి పండ్ల టీకి పోస్తే ఏమవుతుందో మొదట్లోనే చెప్పాను.

అదే ఆకుని రెండోసారి నానబెట్టొచ్చా? జాస్మిన్‌ని రెండు మూడుసార్లు, ప్రతిసారీ అర నిమిషం పెంచుతూ. ఎసెన్స్ టీలకి రెండో కప్పులో ఆకు ఒక్కటే మిగులుతుంది, ఆ ఆకు సంగతేంటో తేల్చుకోవడానికి అది కూడా మంచి పరీక్షే.

ఎండాకాలంలో లీటరు చల్లటి నీళ్లలో ఎనిమిది పది గ్రాముల ఆకు వేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో ఆరేడు గంటలు వదిలేయండి. చల్లటి నీళ్లలోకి చేదు, వగరు తక్కువ దిగుతాయి, పువ్వూ తీపీ మిగులుతాయి. పక్కన తినడానికి అంటే, జాస్మిన్‌తో పూతరేకు, గెన్మైచాతో చేగోడీలు. ఉస్మానియా బిస్కెట్‌ని మాత్రం ఇరానీ చాయ్‌కే వదిలేయండి, వేరే కాపురం పెట్టించకండి. భోజనంతో పాటు టీ తాగితే తిండిలోని ఐరన్ ఒంటికి సరిగ్గా పట్టదు, రక్తం తక్కువున్నవాళ్లు ఒక గంట ఆగి తాగడం మంచిది.

దాచడం: గాలి, వెలుగు తగలని రేకు డబ్బాలో, ఒక్కో వాసనకి ఒక్కో డబ్బా, ఇంగువకి ఆమడ దూరంలో. టీ ఆకు పక్కనున్న ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకండి, తీసిన ప్రతిసారీ తేమ పడుతుంది.

ఆ పీల్చుకునే గుణంతోనే ఇంట్లో మల్లె టీ

ఏప్రిల్, మే నెలల్లో చేయాల్సిన పని. పూలు మీ కుండీలోవో, మందు కొట్టలేదని మీకు తెలిసిన చెట్టువో అయి ఉండాలి, బజారు పూలు వద్దు. మల్లెనే వాడండి. నందివర్ధనం తెల్లగా ఉన్నా మల్లె కాదు, దాన్ని కప్పు దరిదాపులకి రానివ్వకండి.

20 గ్రాముల మామూలు గ్రీన్ టీ, దాదాపు అంతే తూకం మొగ్గలు. సాయంత్రం కోసి, తడి లేకుండా పళ్లెంలో ఆరబోసి, విచ్చుకోవడం మొదలవగానే వెడల్పాటి గిన్నెలో ఒక వరస ఆకు, ఒక వరస పూలుగా పేర్చి, పలచటి గుడ్డ కప్పి రాత్రంతా ఉంచండి. పడుకోబోయే ముందు ఒకసారి చేత్తో కలపండి. పొద్దున్నే పూలన్నీ ఏరేయాలి, ఒక్క రేకు కూడా ఉండకూడదు, వాడిన మల్లె మరుసటి రోజుకి పాడు వాసన కొడుతుంది. ఆకు ఈపాటికి మెత్తబడి ఉంటుంది. మందపాటి పెనం వేడి చేసి, పొయ్యి ఆపేసి, చెయ్యి పెడితే ఓర్చుకోగలిగేంత చల్లారాక ఆకుని పలచగా పరచి కలుపుతూ ఆరబెట్టండి. వేలితో నలిపితే పెళుసుగా విరగాలి, లేకపోతే పెనం మళ్లీ వేడి చేసి ఇంకోసారి. ఇక్కడ తొందరపడితే బూజు పడుతుంది.

ఒక రాత్రికి వచ్చేది లేత వాసనే. మూడు రాత్రులు, ప్రతిసారీ కొత్త పూలతో చేస్తే కొన్నదాని పక్కన పెట్టి చూడగలిగే టీ వస్తుంది, రెండు వారాల్లోపు తాగేయండి. పోయినేడు మా డాబా మీది మూడు కుండీలకి రెండు రాత్రుల పూలే వచ్చాయి, మూడో రోజు పూసినవి నేను లేచేసరికే మా ఆవిడ జడలో ఉన్నాయి.